మూసిన చోటే తెరుచుకునే విండో

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్ ఏజెంటు) దుకాణానికి తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే బరువు, ధర చీటీలు రాసే చిన్న ప్రోగ్రామ్ చేసిచ్చాను. విజువల్ స్టూడియోలో, సీషార్ప్‌తో రాసిన విండోస్ ఫార్మ్స్ ప్రోగ్రామ్ అది. మిర్చి సీజన్‌లో ఒక పొద్దున అక్కడే కూర్చుని చూశాను. గుమస్తా కంప్యూటర్ ఆన్ చేయగానే నా విండోను కుడివైపుకు జరిపాడు, ఎడమవైపు కాంటా బరువు కనబడాలి కదా. తర్వాత రైతు పేరు గడిని సాగదీశాడు. "రోజూ ఇదే పని తమ్మీ, జరుపుడు, సాగదీసుడు" అన్నాడు. బయట ములుగు నుంచి వచ్చిన రైతులు రాత్రంతా బస్తాల మీదే పడుకుని ఎదురుచూస్తున్నారు. ఆ రోజు ఇంటికి రాగానే, విండో మూసిన చోటే, అదే కొలతతో మళ్లీ తెరుచుకునేలా సరిచేశాను.

ప్రాజెక్ట్ ప్రాపర్టీస్‌లో సెట్టింగ్స్ పేజీ తెరిచి మూడు పేర్లు చేర్చండి: చోటుకు పాయింట్, కొలతకు సైజ్, తెరంతా పెద్దదిగా (మాగ్జిమైజ్) ఉందో లేదో తెలిపేందుకు బూల్. స్కోప్ తప్పకుండా యూజర్ అని పెట్టండి. అప్లికేషన్ అని పెడితే ప్రోగ్రామ్ నడిచేటప్పుడు మార్చలేం.

దాచుకునే పని ఫార్మ్‌క్లోజింగ్‌లో, అంటే విండో మూసుకునే ముందు నడిచే కోడ్‌లో. విండోస్టేట్ నార్మల్ అయితే లొకేషన్, సైజ్ నేరుగా తీసుకుని, సేవ్ పిలవండి. నార్మల్ కాకపోతే రీస్టోర్‌బౌండ్స్ (నార్మల్‌గా ఉన్నప్పటి చోటు, కొలత) నుంచి తీసుకోవాలి. ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. మినిమైజ్ చేసిన విండోను విండోస్ మైనస్ 32000 దగ్గర పెడుతుంది. టాస్క్‌బార్ నుంచే మూసేస్తే ఆ అంకె అలాగే సేవ్ అయి, మరుసటి రోజు విండో ఎక్కడా కనబడదు. మా దగ్గర కరెంటు పోతే ఫార్మ్‌క్లోజింగ్ దాకా రాదు కాబట్టి, రీసైజ్‌ఎండ్‌లో కూడా సేవ్ పెట్టాను. విండోను జరపడం ఆపినా, సాగదీయడం ఆపినా అది పలుకుతుంది.

తిరిగి తెరిచేటప్పుడు వరుస ముఖ్యం. మొదట స్టార్ట్‌పొజిషన్‌ను మాన్యువల్ చేయండి, లేకపోతే మీరిచ్చిన చోటును పట్టించుకోదు. తర్వాత చోటు, కొలత. పెద్దది చేయడం చివర్లోనే. మొదటిసారి నడిచినప్పుడు దాచిన సైజ్ సున్నా ఉంటుంది, అప్పుడు ఏదీ ముట్టుకోవద్దు.

ఇంకో పరీక్ష ఎప్పుడూ వదలకండి. ఆ దుకాణంలో కొన్నాళ్లు రెండో మానిటర్ ఉండేది. దాన్ని తీసేసిన రోజు "ప్రోగ్రామ్ తెరుచుకుంటలేదు" అని ఫోన్. తెరుచుకుంది, కానీ లేని మానిటర్ మీద. ఆల్ట్, స్పేస్ నొక్కి, తర్వాత ఎమ్ నొక్కి, బాణం గుర్తులతో లాక్కురమ్మని ఫోన్‌లోనే చెప్పాను. ఇప్పుడైతే స్క్రీన్ ఆల్‌స్క్రీన్స్‌లో ప్రతి మానిటర్ వర్కింగ్‌ఏరియాతో (టాస్క్‌బార్ పోను మిగిలిన తెర) మన విండో కలుస్తోందో లేదో ముందే చూస్తాను. ఎక్కడా కలవకపోతే మధ్యలో తెరుస్తాను.

కొత్త వెర్షన్ ఇచ్చినప్పుడు పాత సెట్టింగ్స్ పోతాయి, ఎందుకంటే వెర్షన్ నంబర్‌కో ఫోల్డర్ ఉంటుంది. కొత్త వెర్షన్ మొదటిసారి నడిచినప్పుడు ఒక్కసారి అప్‌గ్రేడ్ పిలిస్తే పాతవి వచ్చేస్తాయి.

గళ్ల వెడల్పులు కూడా దాచాను, కామాలతో కలిపి ఒకే స్ట్రింగ్‌గా. చివరగా వాడిన ప్రింటర్ పేరు కూడా. క్వింటాలు ధర మాత్రం దాచలేదు. రెండు నొక్కులు తగ్గుతాయి కదా, నిన్నటి ధర పెట్టమని సేఠ్ అడిగాడు. నేను ఒప్పుకోలేదు. ఒక్కో రాశికి ఒక్కో ధర పలుకుతుంది. పని ఒత్తిడిలో నిన్నటి అంకె మార్చడం మరిచిపోతే, ఆరు నెలలు చేనులో కష్టపడ్డ మనిషి తక్‌పట్టీ తప్పవుతుంది. ధర గడి ప్రతిసారీ ఖాళీగానే తెరుచుకోవాలి, అది నింపితే తప్ప ప్రింట్ బటన్ పనిచేయకూడదు.