నర్సరీలో మొక్క కొనే ముందు వేళ్లు చూడండి

నర్సరీకి బయలుదేరే ముందు, మొక్క పెట్టబోయే చోట ఎండ ఎంతసేపు ఉంటుందో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గమనించండి. గులాబీ, మందారం, పండ్ల మొక్కలకు రోజుకు కనీసం 6 గంటలు నేరుగా ఎండ తగలాలి. అది లేని చోట ఎంత మంచి మొక్క పెట్టినా ఆకులే తప్ప పూత సరిగా రాదు.

నర్సరీలో మొదట అడగాల్సింది ధర కాదు. ఈ మొక్క ఇక్కడే పెంచారా, బయటినుంచి తెప్పించారా, వచ్చి ఎన్నాళ్లయింది అని అడగండి. తెప్పించిన మొక్కలన్నీ చెడ్డవని కాదు. కాకపోతే దిగి రెండు మూడు వారాలైనా అయితే ఇక్కడి ఎండకూ నీళ్లకూ అలవాటు పడిందో లేదో తేలుతుంది. నిన్ననే దిగిన మొక్క ఎంత కళకళలాడుతున్నా ఆగడమే మేలు. పండ్ల మొక్కలైతే తల్లి చెట్టు చూపించమనండి. కాపుకొచ్చేదాకా రకం తేలదు కాబట్టి రకం పేరు బిల్లు మీద రాయించుకోవాలి.

ఒకసారి అటూ ఇటూ తిరిగి చూడండి. చచ్చిన మొక్కలు మూలన కుప్పగా పడి ఉన్నా, కుండీల్లో కలుపు దట్టంగా ఉన్నా ఆ పురుగులూ ఆ కలుపు విత్తనాలూ మీ ఇంటికి వస్తాయి. సంచి అడుగు రంధ్రాల్లోంచి వేళ్లు నేలలోకి పాతుకుపోయాయంటే మొక్క అక్కడ ఎప్పటినుంచో ఉందన్నమాట. దాన్ని ఎత్తగానే నీళ్లు తాగే వేళ్లు చాలా తెగిపోతాయి.

ఇక మొక్క. ఆకులు తిరగేసి, అడుగుభాగం, చిగుళ్ల మొదళ్లు చూడండి. తెల్లటి దూదిలా ఉంటే పిండినల్లి, కొమ్మ కదిపితే తెల్లగా ఎగిరేది తెల్లదోమ, సన్నటి సాలెగూడు, ఆకుమీద పసుపు చుక్కలు ఉంటే ఎర్రనల్లి. ఆకులు జిగురుగా, మీద నల్లటి మసి పట్టి ఉంటే రసం పీల్చే పురుగు ఎక్కడో దాగి ఉంది. ఒక్క ముదురాకు పండిపోతే ఫరవాలేదు. చిగుళ్లే పసుపెక్కితే వద్దు.

అసలు పరీక్ష మట్టి కింద. కాండం మొదట్లో పట్టుకుని మెల్లగా పైకి లాగండి. మట్టితో సహా కదిలితే వేళ్లు పట్టుకున్నాయి. మొక్క ఒక్కటే ఊడివస్తే ఈమధ్యనే సంచి మార్చి ఉండొచ్చు, ఇంకా వేరూనలేదు. సంచి కాస్త తీసి చూపమనండి. చూపించనన్న చోట ఖరీదైన మొక్క కొనొద్దు. తెల్లగా లేదా లేత గోధుమ రంగులో, గట్టిగా ఉన్న వేళ్లు మంచివి. నల్లగా, మెత్తగా, దుర్వాసనతో ఉంటే కుళ్లు. వేళ్లు సంచి లోపలి అంచు వెంట తాడులా చుట్టుకుపోయి మట్టే కనపడకపోతే ముదిరిన మొక్క: పూల మొక్కయితే చుట్టు కోసి బతికించవచ్చు, చెట్టయ్యే మొక్కను మాత్రం వదిలేయండి. ఆ చుట్టే ఏళ్ల తర్వాత మొదలును నొక్కేస్తుంది. వేళ్లకు బుడిపెలుంటే నులిపురుగులని (వేళ్లలో చేరే సన్నటి పురుగులు) అనుమానించాలి. చిక్కుడు జాతి వేళ్లకు బుడిపెలు సహజమే, అవి గోటితో గీకితే ఊడివస్తాయి. నులిపురుగు బుడిపెలు వేరు తానే ఉబ్బి ఏర్పడినవి కాబట్టి ఊడవు.

అంటు మొక్కలో (ఒక మొక్క మొదలు మీద మరో రకం కొమ్మ అతికించి పెంచినది) అంటు కట్టిన చోటు మట్టికి పైన స్పష్టంగా కనపడాలి, పగులు లేకుండా పూర్తిగా అతుక్కుని ఉండాలి, చిగుళ్లు దాని పైనుంచే వచ్చి ఉండాలి. ప్లాస్టిక్ పట్టీ కాండాన్ని కోస్తున్నట్టుంటే ఇంటికి రాగానే విప్పేయండి. కింది భాగం నుంచి వచ్చిన కొమ్మను ఉంచితే అది పైదాన్ని మింగేస్తుంది, మీరు కొన్న రకం పోయి అడుగు మొక్కే మిగులుతుంది.

ఎత్తు చూసి మోసపోవద్దు. సన్నగా పొడుగ్గా సాగినదానికన్నా పొట్టిగా, కాండం లావుగా, పక్క కొమ్మలున్న మొక్క త్వరగా కుదురుకుంటుంది. విరబూసిన దానికంటే మొగ్గలమీదున్నది తీసుకోండి. రంగు తెలియడానికి ఒక పువ్వు చాలు.

తెచ్చేటప్పుడు కాండం పట్టుకుని ఎత్తకండి, సంచి అడుగున చెయ్యి పెట్టండి. బండిమీద గాలి కొడితే లేత ఆకులు దారిలోనే వాడిపోతాయి, గుడ్డ చుట్టండి. పాత మొక్కలకు దూరంగా రెండు వారాలు ఉంచి, మొదట నీడలోనూ, తర్వాత రోజూ కొంచెం ఎక్కువసేపు పొద్దుటెండలోనూ పెట్టండి. షేడ్ నెట్ (నీడనిచ్చే వల) కింద పెరిగినదాన్ని ఒక్కసారిగా మధ్యాహ్నపు ఎండలో పెడితే ఆకులు మాడతాయి.

ఆ తర్వాత ఒక సాయంత్రం నాటండి. సంచిలోని బంకమట్టి గడ్డ ఎండి ఉంటే నీళ్లు పక్కనుంచి జారిపోతాయి, అందుకే ముందు సంచిని బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచండి. సంచి పూర్తిగా కోసి తీసేయాలి. మొదలు సంచిలో ఎంత లోతున ఉందో అంతే లోతులో పెట్టి, పాదు చేసి నిండా నీళ్లు పోయండి. కింది ఆకులు రెండు మూడు రాలినా కంగారుపడి ఎరువు వేయొద్దు. కొత్త చిగురు వేశాకే, అదీ కొద్దిగా వేయండి.