డబ్బా, సీలింగ్ మిషన్ జత చూసి కొనండి

చిత్తూరు వైపు ఇంటి దగ్గరే ఊరగాయలు, మామిడి జామ్ చేసి అమ్మేవాళ్లకి ఒక మాట. సీలింగ్ మిషన్ కొనేముందు డబ్బా తిరగేసి అడుగున త్రికోణంలో అంకె చూడండి. అది ప్లాస్టిక్ రకం చెబుతుంది: 1 అయితే పెట్, 2 హెచ్‌డీపీఈ, 5 పీపీ. (అంకె ఉన్నంత మాత్రాన ఫుడ్ గ్రేడ్ అని కాదు, అది వేరే అడగాల్సిందే.) సీలు ఫాయిల్ (మూత కింద డబ్బా నోటికి అతికించే వెండిరంగు కాగితం) కింది పల్చటి పొర ఆ ప్లాస్టిక్‌కి అతికే రకమే అయ్యుండాలి. పీపీ డబ్బాకి పెట్ ఫాయిల్ పెడితే ఎంత ఖరీదు మిషనైనా సరిగ్గా అతకదు. ఇండక్షన్ మిషన్‌కి (మూత పెట్టి ఉండగానే పైనుంచి ఫాయిల్‌ని వేడిచేసి అతికించేది) ప్లాస్టిక్ మూతే, రేకు మూత పనికిరాదు.

ఒకసారి తోతాపురి జామ్ సలసలా కాగుతుండగానే పెట్ సీసాల్లో పోశాను. నడుము దగ్గర సొట్టపడి, ఒక్కోటి ఒక్కో పక్కకి ఒరిగి నిలబడినాయి! మామూలు పెట్ 70 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. వేడి సరుక్కి పీపీ, లేదంటే గాజు.

ఆవకాయకైతే డబ్బా అంచు పొడిగుడ్డతో తుడవాలి, నూనె ఉన్నచోట సీలు పట్టదు. తిరుపతికి మిషన్ చూడ్డానికి పోయేటప్పుడు మీ సరుకు నింపిన డబ్బాలే నాలుగు పట్టుకుపోండి. సీలు వేయించి తెచ్చి, పై మూత మాత్రం తీసి, ఫాయిల్ అలాగే ఉంచి, రాత్రంతా పేపరు మీద బోర్లించండి. పొద్దున నూనె మరక కనిపిస్తే ఆ జత వద్దు.