పెరటి కోడికి తోలు ఒలవడం: నా అనుభవం

కోళ్లు ఈకలు రాల్చే కాలంలో కోస్తే, సుమారు 60 డిగ్రీల వేడినీళ్లలో ముంచి ఎంత పీకినా మొలక ఈకలు తోలులోనే మిగిలిపోతున్నందున, నేను ఈకలతో సహా తోలు ఒలవడం మొదలుపెట్టాను. రక్తం పూర్తిగా కారిన వెంటనే, ఒళ్లు ఇంకా వెచ్చగా ఉండగానే, ఈకలు మాంసానికి అంటకుండా పైపైన తడిపి, కాళ్లను కీళ్ల దగ్గర, రెక్కలను కొసల దగ్గర కోసేస్తాను. రొమ్ము మీద తోలును మాత్రమే చీల్చి, వేళ్లు లోపలికి దూర్చి తొడల వైపు లాగితే అది మేజోడులా ఊడివస్తుంది. మెడ దగ్గర మేత సంచి చిరగకుండా నిదానించాలి, వీపు మీద గట్టిగా అంటుకున్న చోట కత్తి మొనతో విడదీయాలి. తోకపై ఉండే నూనె గ్రంథిని తప్పక తీసేయాలి. తోలుతోపాటు కొవ్వూ పోతుంది కనుక పులుసుకు నూనె కాస్త ఎక్కువ పడుతుంది. పసుపు రాసి మంట మీద కాల్చిన తోలు రుచి మాత్రం దీనికి రాదు.