పడవ అడుగున నలిగిన ఫైబర్: నా అనుభవం

ఒడిశాలోని గంజాం జిల్లా గోపాల్‌పూర్ తీరంలో మా చిన్నాన్న నడిపే ఫైబర్ పడవ అడుగున, రెండు అడ్డుపట్టీల నడుమ, తెల్లటి అడ్డగీత ఒకటి పడింది. ఒకసారి వేరేవాళ్ళతో దాని మీద మాసిక వేయించినా, గీత మళ్ళీ అక్కడే తేలింది. అల కింది నుంచి కొట్టినప్పుడు పట్టీల నడిమి భాగం లోపలికి వంగుతుంది కాబట్టి లోపలి ముఖం సాగి, బయటి ముఖం నొక్కుకుంటుంది. గీత బయటి ముఖం మీదే ఉన్నందున అది నొక్కుడు దెబ్బేనని తేల్చుకున్నాను.

ఫైబర్ పడవ అంటే గాజుపోగులను రెజిన్ అనే గట్టిపడే జిగురుతో అతికించి చేసినది. లాగినప్పుడు గాజుపోగు బరువును తానే మోస్తుంది. నొక్కినప్పుడు మాత్రం ఆ సన్నని పోగు పక్కకు ఒరిగిపోతుంది. దాన్ని నిలబెట్టేది చుట్టూ ఉన్న రెజిన్ గట్టిదనమే. 1965లో రోజెన్ అనే పరిశోధకుడు లెక్కగట్టింది ఈ ఆసరానే. పోగులో ముందే ఉన్న కొద్దిపాటి వంకర నొక్కుడును తట్టుకునే బలాన్ని ఎంతగా తగ్గిస్తుందో 1972లో ఆర్గాన్ అనే మరో పరిశోధకుడు చూపాడు, నాకు ఎక్కువ పనికొచ్చింది అదే. పాత మాసికను గ్రైండర్‌తో తొలగిస్తే, ముడతలు పడిన గుడ్డ, దాని కింద గాలిబుడగలు బయటపడ్డాయి. అలాంటి చోట మందం పెంచడం ఒక్కటే సరిపోదు.

నలిగిన పొరలన్నీ తీసి, అంచులను మందానికి 12 రెట్ల వెడల్పున ఏటవాలుగా అరగదీసి, పూర్తిగా ఆరనిచ్చాను. తరువాత మ్యాట్‌నూ (తరిగిన గాజుపోగులను ఎటుపడితే అటు పరిచి చేసిన గుడ్డ) గాజు నేతగుడ్డనూ మార్చిమార్చి, నేతలో ఒక వరుస పడవ పొడవునా వచ్చేలా పరిచి, ప్రతి పొరనూ గాలి పోయేదాకా రోలర్‌తో ఒత్తాను. లోపల మరో అడ్డుపట్టీ చేర్చడంతో వంగుడు తగ్గింది, గీత మళ్ళీ రాలేదు. కెవ్లార్ అనే గట్టి కృత్రిమ పోగుతో నేసిన గుడ్డ వేయమని కొందరు సూచించారు గాని, అది లాగుడుకు మేటి అయినా నొక్కుడుకు చాలా బలహీనం కనుక బయటి ముఖానికి గాజుగుడ్డనే ఉంచాను.