సీవీసీకి పీఐడీపీఐ ఫిర్యాదు: మీ పేరు బయటికి రాకూడదంటే ఎలా పంపాలి

మీరు పనిచేసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో టెండర్ కమిటీలో ఒక అధికారి ఉన్నాడు, ఆయన కొడుకు ఉద్యోగం చేస్తున్న కంపెనీకే కాంట్రాక్టు వెళ్లింది అనుకోండి. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు, అంటే 1964 నాటి సీసీఎస్ కాండక్ట్ రూల్స్‌లోని నాలుగో రూల్ ప్రకారం ఆయన అసలు ఆ ఫైలు చూడకూడదు, సంగతి చెప్పి పై అధికారికి అప్పగించాలి. చెప్పకుండా సంతకం పెట్టేశాడంటే కేంద్ర ఉద్యోగుల అవినీతి మీద నిఘా ఉంచే సెంట్రల్ విజిలెన్స్ కమిషన్‌కి, అదే సీవీసీకి, ఫిర్యాదు చేయొచ్చు. ఆన్‌లైన్ పోర్టల్ ఉంది కదా అని చాలామంది అక్కడే నమోదు చేసేస్తారు. పోర్టల్‌లో పెట్టింది మామూలు ఫిర్యాదు, అందులో మీ పేరు దాచే పూచీ లేదు. నాకు తెలిసిన ఒకాయన అలా పెట్టాక ఆయన పేరు ఆఫీసులో అందరికీ తెలిసిపోయింది, పాపం బదిలీ టెన్షన్‌తో నిద్ర లేకుండా గడిపాడు.

పేరు రహస్యంగా ఉంచే దారి పీఐడీపీఐ, అంటే ప్రజల మేలు కోసం అక్రమాల సమాచారం ఇచ్చేవాళ్లకి రక్షణ కల్పించే కేంద్ర ప్రభుత్వ తీర్మానం. జాతీయ రహదారుల పనుల్లో అక్రమాల గురించి ప్రధానమంత్రి కార్యాలయానికి రాసి, నా పేరు బయటపెట్టొద్దని కోరిన ఇంజినీర్ సత్యేంద్ర దూబే 2003 నవంబరులో గయలో హత్యకు గురయ్యాడు. ఆ తర్వాత 2004 ఏప్రిల్‌లో కేంద్రం ఈ తీర్మానం తెచ్చింది. 2014లో విజిల్ బ్లోయర్ల (అక్రమాలు బయటపెట్టేవాళ్ల) రక్షణ చట్టం చేశారు గానీ అమల్లోకి తేలేదు, అందుకే ఆధారం ఈ తీర్మానమే.

కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ బ్యాంకులు, కేంద్ర ప్రభుత్వ సంస్థల ఉద్యోగుల మీదే ఇది పనిచేస్తుంది. రాష్ట్ర ఉద్యోగుల మీదైతే ఏసీబీకో లోకాయుక్తకో వెళ్లండి. ఫీజు ఏమీ లేదు. "ఢిల్లీలో మన మనిషి ఉన్నాడు, లోపల ఫైలు కదిలిస్తాడు" అని డబ్బు అడిగేవాళ్లకి రూపాయి కూడా ఇవ్వకండి. డబ్బు సంగతి అటుంచితే, వాళ్లకి మీ పేరు చెప్పిన క్షణంలోనే రహస్యం పోయినట్టు.

ఇక కవరు సంగతి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. కవరు పూర్తిగా అంటించి, పైన ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో పీఐడీపీఐ (PIDPI) అని స్పష్టంగా రాయాలి. చిరునామా: సెక్రటరీ, సెంట్రల్ విజిలెన్స్ కమిషన్, సతర్కతా భవన్, ఐఎన్ఏ, న్యూఢిల్లీ 110023. కవరు మీద మీ పేరు, అడ్రసు ఎక్కడా ఉండకూడదు. పైన ఆ అక్షరాలు లేకపోతే, లోపల ఎంత వివరంగా రాసినా అది మామూలు ఫిర్యాదుల్లో కలిసిపోతుంది. పోస్టాఫీసులో పంపేవాళ్ల పేరు అడిగితే కంగారు పడకండి, ఇలాంటి కవర్లకి పట్టుబట్టొద్దని తపాలా శాఖే ఆదేశాలు ఇచ్చింది, ఆ మాట మర్యాదగా చెప్పండి.

కవరు మీద పేరు వద్దన్నారు కదా అని లోపల కూడా రాయకుండా పంపేవాళ్లున్నారు. ఆకాశరామన్న ఉత్తరాలు సీవీసీ తీసుకోదు. పేరు, అడ్రసు లోపల ఉండాలి, ఉత్తరం మొదట్లోనో చివర్లోనో విడి కాగితం మీదో. ఇంటి అడ్రసే ఇవ్వండి, ఆఫీసు అడ్రసు ఇస్తే సీవీసీ నుంచి వచ్చే ఉత్తరం ముందుగా ఇన్‌వర్డ్ సెక్షన్ వాళ్ల చేతుల్లో పడుతుంది.

సీవీసీ మీ పేరు తీసేశాక కూడా మిగతా పేజీలు మిమ్మల్ని పట్టించకూడదు. "మార్చి మీటింగులో నేను అభ్యంతరం చెబితే సార్ కసిరారు" అని రాస్తే, పేరు లేకపోయినా ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ అది మీరేనని తెలిసిపోతుంది. దాని బదులు "ఫలానా నంబరు టెండర్, ఫలానా తేదీన ఖరారైంది, గెలిచిన కంపెనీలో కమిటీ సభ్యుడి కొడుకు ఉద్యోగి, ఆ విషయం ఫైల్లో ఎక్కడా నమోదు కాలేదు" అని రాయండి. ఇందులో మీరు లేరు, వాళ్లు వెతికి నిర్ధారించుకోగలిగిన సంగతులు మాత్రం అన్నీ ఉన్నాయి. మీ పేరు మీద ఆర్టీఐలో తెచ్చుకున్న కాగితాలు జతచేస్తే వాటి వల్ల కూడా ఎవరు రాశారో తెలిసిపోవచ్చు, జాగ్రత్త. మీ ప్రమోషన్ గొడవ, సెలవుల గొడవ ఇందులో కలపకండి. మీకు జరిగిన అన్యాయం నిజమే కావచ్చు, దానికి వేరే వేదికలున్నాయి.

పంపాక రసీదు రాదు. ఆ మౌనం చూసి మళ్లీ మళ్లీ ఉత్తరాలు రాయకండి. రావలసింది ఇంకోటి ఉంది, సీవీసీ నుంచి మీ ఇంటికి ఒక ఉత్తరం: ఈ ఫిర్యాదు మీరే పంపారా, ఇదే ఆరోపణ ఇంకెవరికైనా పంపారా అని. అది చూసి చాలామంది భయపడి బీరువాలో పెట్టేస్తారు. అది నోటీసు కాదండీ, మీ పేరుతో ఇంకెవరూ రాయలేదని నిర్ధారించుకోవడానికి పంపేది. అందిన 30 రోజుల్లో మీరే రాశారని ఒప్పుకుంటూ, వేరే ఎవరికీ పంపలేదని ధ్రువీకరిస్తూ జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఒక రిమైండర్, ఇంకో రెండు వారాల గడువు, అప్పటికీ జవాబు లేకపోతే మీకు ఈ రక్షణ కింద దక్కాల్సింది చేజారినట్టే. ముందే మంత్రికో మరో శాఖకో కాపీలు పంపి ఉంటే ఆ ధ్రువీకరణ ఇవ్వలేరు, కాబట్టి మొదటి రోజు నుంచీ ఒక్కచోటికే పంపండి.

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా అనుమానంతో ఎవరైనా మెమోలు ఇచ్చినా, దూరంగా బదిలీ చేసినా, ఫిర్యాదు చేసినందుకే అలా జరుగుతోందని సీవీసీకి రాయొచ్చు. సంబంధిత శాఖకి ఆదేశాలిచ్చే అధికారం దానికి ఉంది. ఆ మెమోలు, ఆర్డర్ల కాపీలు తేదీల వారీగా దాచి పెట్టుకోండి, ఆఫీసు బీరువాలో కాదు, ఇంట్లో.