చెరువు దగ్గరికి పిల్లలతో వెళ్లే ముందు

సెలవుల్లో పిల్లలకు నీటి పురుగులు చూపించాలనుకునేవారు బయలుదేరే ముందు ఇవి చూసుకోండి.

• పెద్దవారిలో ఒకరికి కాపలా తప్ప మరో పని పెట్టకండి. పాఠం చెప్పేవారి చూపు వలలోనే ఉంటుంది. నీళ్లలో మునుగుతున్న పిల్లవాడు చాలాసార్లు కేక కూడా వేయలేడు.

• గట్టును ముందుగా మీరే తొక్కి చూడండి. పాచి, మెత్తటి బురద దూరం నుంచి తెలియవు. భారీ వాన పడ్డ మర్నాడైతే ప్రయాణం వాయిదా వేయండి.

• చర్మంపై గాయాలుంటే నీళ్లు తగలనివ్వకండి. ఎలుకల మూత్రం కలిసిన నీటిలోని లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరం) క్రిములు గాయాల గుండా లోపలికి వెళతాయి.

• పురుగులను వేళ్లతో పట్టనివ్వకండి, చెంచా ఇవ్వండి. పెద్ద నీటి నల్లి కుడితే నొప్పి మామూలుగా ఉండదు. వీపు నిండా గుడ్లతో ఒకటి కనిపిస్తే మాత్రం తప్పక చూపించండి: ఆ గుడ్లు మోస్తున్నది తండ్రి.

• తెల్లటి పళ్లెం తీసుకెళ్లండి. మట్టిరంగు పురుగులు అందులోనే స్పష్టంగా కనిపిస్తాయి. దాన్ని నీడలో పెట్టండి, నీరు వేడెక్కితే ప్రాణవాయువు తగ్గిపోతుంది. తూనీగ లార్వాను తోకకప్పలతో కలపకండి. మడిచి పెట్టుకున్న కింది పెదవిని కొక్కెంలా విసిరి క్షణంలో పట్టేస్తుంది. పిల్లలు రోజంతా చెప్పుకునేది ఈ వేట గురించే అనుకోండి, కానీ అందుకు దోమ లార్వాలు చాలు.

• దోమల మందు రాసుకున్న చేతులు పళ్లెంలో పెట్టనివ్వకండి. పురుగులకు అది విషం.

• పట్టినవాటిని పట్టిన చోటే వదలండి. వలను కడిగి, పూర్తిగా ఆరబెట్టాకే మరో చెరువుకు తీసుకెళ్లండి. కప్పల జబ్బులు తడి వలతో పాటే ప్రయాణిస్తాయి.