ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లో గెలిపించింది ఆటా, సుడా? తేల్చుకోవడం ఎలా?

పర్లాకిమిడిలోనో, గుణుపురంలోనో, బరంపురంలోనో దసరా సెలవులకు బంధువులంతా ఒక ఇంట చేరినప్పుడు, టీవీ ముందు కంట్రోలర్లు పట్టుకున్న కుర్రాళ్ల మధ్య తప్పకుండా ఒక తగువు నడుస్తుంది. "ఏటి బావా, డిఫెండర్ కాలికి తగిలి లోపలికెళ్లిన బంతి కూడా నీ ఆటేనేటి?" అని ఓడినవాడు నిలదీస్తాడు. "ఓడినోడికి అన్నీ గుడ్డిదెబ్బల్లాగే కనిపిస్తాయిరా" అని గెలిచినవాడు కొట్టిపారేస్తాడు. ఒక నోటు పుస్తకం, కాస్త ఓపిక ఉంటే ఈ తగువును చాలావరకు తీర్చవచ్చు.

ముందుగా ఫుట్‌బాల్ స్వభావాన్ని గుర్తుంచుకోవాలి. 2022 ప్రపంచ కప్పులో 64 మ్యాచ్‌లకు 172 గోల్స్ పడ్డాయి, అంటే మ్యాచ్‌కు మూడు కూడా లేవు. గోల్స్ ఇంత తక్కువగా పడే ఆటలో ఒక్క బంతి దారి తప్పితే ఫలితమే తారుమారవుతుంది. ఆరేసి నిమిషాల రెండు భాగాలతో ముగిసే వీడియో గేమ్ మ్యాచ్‌లోనూ అదే జరుగుతుంది.

మొదటి పని, ఇద్దరికీ పరిస్థితులు సమానం చేయడం. 2021లో వచ్చిన ఫిఫా 22 అనే ఫుట్‌బాల్ గేమ్‌లో ఇండియన్ సూపర్ లీగ్ జట్లు చేరాయి. మన రాష్ట్రం జట్టన్న అభిమానంతో ఒకరు ఒడిశా ఎఫ్‌సీని, మరొకరు మాంచెస్టర్ సిటీని ఎంచుకుంటే, ఆ ఫలితం ఆటగాళ్ల రేటింగుల గురించి చెబుతుందే తప్ప మీ గురించి ఏమీ చెప్పదు. ఇద్దరూ ఒకే జట్టుతో ఆడండి, లేదా మ్యాచ్ మ్యాచ్‌కూ జట్లు మార్చుకోండి. వీలైనంతవరకు ఒకే టీవీ మీద ఆడండి. కొండల మధ్య ఊళ్లలో మొబైల్ డేటాతో ఆన్‌లైన్‌లో ఆడేవారికి, నొక్కిన బటన్ ఒక క్షణం ఆలస్యంగా పనిచేయడం వల్ల చేజారే బంతులు ఎన్నో ఉంటాయి. అది మీ నైపుణ్య లోపమూ కాదు, అవతలివాడి గొప్పా కాదు.

రెండో పని, అదృష్టం ఎక్కడెక్కడ దూరుతుందో గుర్తించడం. మీరు షాట్ బటన్ నొక్కినప్పుడు గేమ్ ఆ ఆటగాడి ఫినిషింగ్ (గోల్ కొట్టే నేర్పు) రేటింగును, బంతి ఏ కాలి మీద ఉందో, ఎదుటివాడు ఎంత దగ్గరగా ఒత్తిడి పెడుతున్నాడో లెక్కలోకి తీసుకొని, ఆపైన కొంత తేడాను కలుపుతుంది. ఆ తేడా మాత్రమే అదృష్టం. ఎడమ కాలి ఆటగాణ్ని కుడి కాలితో, పైగా ఇద్దరు డిఫెండర్ల మధ్య నుంచి కొట్టించి, బంతి బయటికి పోయిందని గేమ్‌ను తిట్టడం న్యాయం కాదు. ఈఫుట్‌బాల్ అనే మరో గేమ్‌లో (2021 వరకు దాని పేరు పెస్) ఆటగాళ్ల పక్కన కనిపించే బాణాలు ఆ రోజు వారి ఫామ్‌ను చూపుతాయి. బాణం కిందికి రావడం మీ చేతిలో లేదు, కానీ దాన్ని చూసి కూడా అతణ్నే ఆడించడం మీ నిర్ణయం.

అన్నిటికంటే ముఖ్యమైనది మూడో పని. గోల్స్ కాకుండా అవకాశాలు రాసుకోండి. ఏది మంచి అవకాశమో ఆటకు ముందే ఇద్దరూ ఒప్పుకోవాలి: పెనాల్టీ బాక్సు లోపల, ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే ఉండి, బంతి బలమైన కాలి మీదకు వచ్చినది. ప్రతి మ్యాచ్ తర్వాత ఎవరికి అలాంటివి ఎన్ని వచ్చాయో, అందులో ఎన్ని గోల్స్ అయ్యాయో రాయండి. ఫిఫా 22 నుంచి మ్యాచ్ చివర కనిపించే ఎక్స్‌జీ (వచ్చిన అవకాశాలను బట్టి పడాల్సిన గోల్స్ అంచనా) అనే అంకె కూడా ఇలాంటి లెక్కే. స్కోరు 1-3 అయినా, పుస్తకంలో ఓడినవాడి పేరు కింద ఐదు అవకాశాలు, గెలిచినవాడి పేరు కింద రెండే ఉన్నాయనుకోండి. ఆ రోజు గెలిచినవాడు నక్కతోక తొక్కి వచ్చాడని నిస్సంకోచంగా అనవచ్చు. అసలు ఫుట్‌బాల్‌లో పెనాల్టీలే నాలుగింట ఒకటి దాకా వృథా అవుతున్నప్పుడు, దొరికిన మంచి అవకాశాలన్నీ గోల్ కావాలని ఆశించడం అత్యాశే.

పది మ్యాచ్‌లు ఆడి బావ ఏడు గెలిచాడంటే అతనే మేటి అని వెంటనే తేల్చేయకండి. సరిసమానమైన ఇద్దరు డ్రాలు లేకుండా పది మ్యాచ్‌లు ఆడితే, ఇద్దరిలో ఎవరో ఒకరు ఏడు గాని అంతకంటే ఎక్కువ గాని గెలిచే సంభావ్యత సుమారు 34 శాతం. ఇలాంటి పోటీలు మూడు జరిగితే ఒకదానిలో వట్టి సుడి వల్లే అంత తేడా రావచ్చన్నమాట. సెలవులన్నీ కలిపి రాసిన లెక్కకే విలువ ఉంటుంది.

వరుసగా ఓడిన ప్రతివాడూ "గేమే కావాలని ఓడిస్తోంది" అంటాడు. ఫిఫా గేమ్‌లు తయారుచేసిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ ఆట కష్టాన్ని రహస్యంగా మారుస్తోందని ఆరోపిస్తూ 2020లో కాలిఫోర్నియాలో దావా వేసినవారు, సంస్థ సాంకేతిక వివరాలు చూపిన తర్వాత 2021లో దాన్ని ఉపసంహరించుకున్నారు. మీ అనుమానం మీకుంటే ఓడిన మ్యాచ్‌లతో పాటు గెలిచినవీ రాయండి. గెలిచిన రోజు కాలికి తగిలి లోపలికెళ్లిన బంతి ఎవరికీ గుర్తుండదు.

గేమ్‌లో ఆటగాళ్ల కోసం కొనే కార్డు ప్యాకుల విషయం వేరు. ఏ ఆటగాడు వస్తాడన్నది పూర్తిగా అదృష్టం కాబట్టి ప్యాకు కొని కట్టిన జట్టుతో వచ్చిన గెలుపులను ఈ లెక్కలో కలపకండి. బెల్జియంలో వీటిని జూదంగా పరిగణించడంతో 2019లో అక్కడ ఈ ప్యాకులు కొనడానికి వాడే ఫిఫా పాయింట్ల అమ్మకం ఆగిపోయింది. డబ్బు పందెం సంగతైతే, ఆట నైపుణ్యానిదా అదృష్టానిదా అన్న తేడా చూడకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన దేశంలో 2025 చట్టం నిషేధించింది.

ఇంట్లోనే చిన్న టోర్నీ పెట్టాలనుకుంటే ఆ పద్ధతిని కూడా లెక్కతోనే ఎంచుకోండి. నూటికి అరవై సార్లు గెలవగల మెరుగైన ఆటగాడు ఒక్క మ్యాచ్ పోటీలో అరవై శాతమే గెలుస్తాడు. మూడు మ్యాచ్‌ల పోటీలో ఆ అవకాశం సుమారు 65 శాతానికి, ఐదింటిలో 68 శాతానికి, ఏడింటిలో 71 శాతానికి పెరుగుతుంది. పిన్నివాళ్లు టీవీ అడిగేలోపు ఏడు మ్యాచ్‌లు ఎలాగూ పూర్తి కావు గనుక, తొలి రౌండ్లు ఒక్కో మ్యాచ్‌తో ముగించి, ఫైనల్‌కు మాత్రం మూడు ఉంచండి. మొదటి రెండింటికి జట్లు మార్చుకోండి, మూడోదాకా వస్తే జట్టు ఎవరు ముందు ఎంచుకోవాలో బొమ్మా బొరుసా వేసి తేల్చుకోండి.